పదకొండు తెల్ల గీతలు

మూడు రోజులుగా సీలు వేసి ఉన్న ఇంజిన్ గదిలో, మనిషి ప్రాణం తీసిన యంత్రం మీద, తెల్ల రంగు ఇంకా తడిగా ఉంది.

షినోహర కజుయే చూపుడు వేలిని టార్చి వెలుగులోకి తిప్పి చూసుకుంది. వేలి కొసన సన్నటి తెల్ల మరక. నూనె పట్టిన ఇనుము మీద రంగు తొందరగా ఆరదు. అయినా ఒక పూటకి మించి తడిగా ఉండదు. గడియారం చూసింది. పదకొండూ పది. అంటే ఈ పొద్దున ఎవరో ఇక్కడికి దిగారు.

"మేడమ్ గారి వేలికి మసి అంటిందా? తువ్వాలు తెప్పించమంటారా?" వెనక నుంచి తొకునాగ అన్నాడు.

"మసి నల్లగా ఉంటుంది తొకునాగ గారూ," అని ఆమె వేలిని కాగితానికి తుడిచి, కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

తొకునాగ ఈ ఓడ సొంతదారు హోషికావ లైన్‌కి సాంకేతిక పర్యవేక్షకుడు. నలభై అయిదేళ్ళవాడు, చొక్కా మీద ఒక్క ముడత ఉండదు. షినోహర బీమా కంపెనీ తరఫు పరిశోధకురాలు. అంతకు ముందు పద్నాలుగేళ్ళు ఓడల్లో ఇంజనీరుగా చేసింది. ఇద్దరూ ఇంతకు ముందు మూడు ప్రమాదాల దగ్గర ఎదురుపడ్డారు. మూడుసార్లూ పోట్లాడుకున్నారు.

ఇది నాలుగోది. ఏప్రిల్ ముప్పయ్యో తేదీ ఉదయం తొమ్మిదీ నలభై ఒకటికి, కార్లనీ మనుషులనీ దీవులకి చేరవేసే 'హారునామి' అనే ఈ ఓడలో, ఇంజిన్‌కీ గేరుబాక్సుకీ మధ్య ఉన్న కప్లింగు పగిలింది. అరచెయ్యంత ఇనప ముక్క ఎగిరి యంత్రాలకి నూనె పెట్టే ఇవామీ అనే ఆయిలర్‌కి తగిలింది. అతను అక్కడికక్కడే పోయాడు. ఓడని లాక్కొచ్చి ఇమబరి రేవులో, ఏప్రిల్ మొదట్లో దాన్ని బాగుచేసిన ఒకిత్సుబో యార్డులోనే కట్టేశారు.

"నివేదిక తయారుగా ఉంది," అన్నాడు తొకునాగ. "కింద కంపెనీ ముద్ర పడింది. మీ ముద్ర పడితే చాలు. మూడింటికి రేవు పోలీసులు వచ్చి చీఫ్ ఇంజనీరు హమసాకిని తీసుకెళ్తారు. ఆయన ఎర్రపట్టీలో పదకొండు నిమిషాలు ఓడ నడిపాడు. ఇంకేం కావాలి?"

ఎర్రపట్టీ అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఇంజిన్‌లో ఒక్కో సిలిండరు పేలినప్పుడల్లా షాఫ్టుకి ఒక తోపు తగులుతుంది. తడి తువ్వాలుని పిండినట్టు షాఫ్టు కాస్త మెలి తిరిగి మళ్ళీ విడుతుంది. ఆ మెలికని మింగడానికే కప్లింగులో పన్నెండు రబ్బరు దిమ్మలు ఉంటాయి. కానీ ఒకానొక వేగం దగ్గర తోపులూ మెలికలూ ఒకే తాళంలో పడతాయి. ఊగుతున్న ఉయ్యాలని సరిగ్గా వెనక్కొచ్చిన క్షణానికే ఎవరో మళ్ళీ మళ్ళీ తోస్తున్నట్టు. అప్పుడు రబ్బరు కూడా ఆపలేదు. ఈ ఓడలో నిమిషానికి 380 నుంచి 430 చుట్ల మధ్య ఆ ప్రమాదం ఉంది. వేగం మీటరు మీద ఆ మేరకి ఎర్రరంగు పూశారు. అక్కడ ఆగకూడదు. గబుక్కున దాటెయ్యాలి.

"పదకొండు నిమిషాలని ఎవరు చెప్పారు?"

"తొమ్మిదీ ఇరవై అయిదుకి చేపల పడవలు అడ్డం వచ్చాయి. ముప్పై ఆరు దాకా ఓడ నెమ్మదిగా నడిచింది. పైన ఉన్న ప్రయాణికులందరూ చెప్పారు. నెమ్మదిగా అంటే నాలుగు వందల పది."

"లేదా మూడు వందల అరవై. అదీ నెమ్మదే."

"వేగం నమోదు చేసే యంత్రం పేలుడుకి పోయింది. ఇవామీ పోయాడు. ఇక మిగిలింది హమసాకి మాట. తన తప్పు లేదని ఆయన కాక ఎవరంటారు?"

షినోహర కప్లింగు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. దాని ముందువైపు, రబ్బరు దిమ్మలు జారిపోకుండా పట్టి ఉంచే గుండ్రటి ఇనప పళ్ళెం ఉంది. దానికి పదహారు బోల్టులు. ఒక మూల బద్దలై, అయిదు బోల్టులు దానితోబాటే ఎగిరిపోయాయి. మిగిలినవి పదకొండు. ఆ పదకొండింటి మీదా బోల్టు తల నుంచి పళ్ళెం దాకా ఒక్కో తెల్ల గీత, స్కేలు పెట్టి గీసినట్టు. బోల్టు వదులైతే గీత రెండు ముక్కలై పక్కకి జరుగుతుంది. చూడగానే తెలిసిపోతుంది. ఓడల్లో అందరూ చేసే పనే.

కాకపోతే, ఇంత భయంకరంగా వణికి బద్దలైన పళ్ళెం మీద ఒక్క గీత కూడా వెంట్రుకవాసి జరగలేదు.

ఆమె పగిలిన మూలలోంచి చెయ్యి లోపలికి పోనిచ్చి దిమ్మల్ని తడిమింది. చీలి ఉన్నాయి. చీలిక అంచులు నున్నగా ఉన్నాయి, కత్తితో కోసినట్టు. ప్రతి దిమ్మ మీదా తయారైన సంవత్సరం అచ్చు పోసి ఉండాలి. ఆ చోట గరుకుగా గీకేసి ఉంది. సంచిలోంచి గుండ్రటి చిన్న మీటరు తీసి రబ్బరుకి అదిమింది. రబ్బరు ఎంత గట్టిదో చెప్పే మీటరు అది. ముల్లు 58 దగ్గర ఆగింది.

"ఈ ఓడకి ఎంత గట్టి రబ్బరు వెయ్యాలి?"

"యాభై. ఏప్రిల్లో కొత్తవి వేయించాం," అన్నాడు తొకునాగ.

"ఇవి యాభై ఎనిమిది."

"వాడితే గట్టిపడతాయి. పద్నాలుగేళ్ళు ఓడల్లో చేశారు, ఆ మాత్రం తెలీదా?"

"తెలుసు. ఆరేడేళ్ళు వాడితే అంత గట్టిపడతాయి. మీవి మూడు వారాలవి."

తొకునాగ కాగితాల కట్టని ఆమె సంచి మీద పెట్టాడు. "రెండింటికి వస్తాను. ముద్ర తెచ్చుకున్నారుగా?"

"నా ముద్ర ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది. అందుకే ఎక్కడపడితే అక్కడ పడదు."

*

హమసాకి యార్డు ఆఫీసు వెనక గదిలో కూర్చుని ఉన్నాడు. అరవై ఒకటో ఏడు. కుడి చేతికి మోచెయ్యి దాకా కట్టు. ముందున్న బార్లీ టీ మీద మీగడలా దుమ్ము తేలుతోంది.

"తాగలేదే చీఫ్ గారూ?"

"ఎడం చేత్తో పట్టుకుంటే వణుకుతోంది. పోలీసాయన చూస్తే నేరం చేసినవాడి చెయ్యి అనుకుంటాడని మానేశాను."

షినోహర గ్లాసు అందుకుని కిటికీలోంచి పారబోసి, కూజాలోంచి తాజాగా సగం వరకు పోసి ఇచ్చింది. ఆయన తాగాడు.

"తొమ్మిదీ ఇరవై అయిదుకి మీటరు ఎంత చూపించింది?"

"మూడు వందల అరవై. ఎరుపుకి కింద."

"సాక్షి?"

"నా నోరే. మీటరు మారినప్పుడల్లా దానికేసి వేలు చూపించి గట్టిగా అరుస్తాను. ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటు. ఇంట్లో గ్యాసు కట్టేసినా అరుస్తానని మా ఆవిడ విసుక్కుంటుంది."

"పైన చుక్కాని గదికి మాట్లాడే గొట్టం తెరిచే ఉందా?"

"పడవలు అడ్డం వచ్చాయిగా. కెప్టెన్‌తో మాట్లాడుతూనే ఉన్నాను."

"నిన్న చుక్కాని గది టేపు విన్నాను," అంది షినోహర. "తొమ్మిదీ ఇరవై అయిదూ పది సెకన్లు: 'మూడు వందల అరవై, ఎరుపుకి కింద, సరే!' తొమ్మిదీ ముప్పై ఆరు: 'ఎరుపు దాటాం, ఆరు వందల ఇరవై, సరే!' మీ గొంతు కోడిపుంజులా ఉంది. మీ నోటి నుంచి వినాలని అడిగాను."

హమసాకి గ్లాసు కింద పెట్టేశాడు. "అయితే నన్ను..."

"ఇంకా కాదు. టేపులో మీరు అరిచారు. నిజంగా మీటరు అంతే చూపించిందని తొకునాగ ఒప్పుకోడు. ఎర్రపట్టీ కాకపోతే కప్లింగు ఎందుకు పగిలిందో చెప్పలేకపోతే, మూడింటికి ఆ పోలీసాయనతో మీరు వెళ్ళాల్సిందే. ముప్పై ఆరు తరవాత ఏం జరిగింది?"

"ముప్పై ఎనిమిదికి కెప్టెన్ ఇంకో పదిహేను చుట్లు అడిగాడు. పదకొండు నిమిషాలు పోయాయిగా, కలుపుకోవాలని. ఆరు వందల ముప్పై అయిదు చేశాను." ఆయన కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. "షినోహర గారూ, యార్డు నుంచి వచ్చినప్పటి నుంచీ ఆరు వందల ఇరవై దగ్గర అరికాళ్ళ కింద చీమలు పాకినట్టుండేది. రెండుసార్లు పుస్తకంలో రాశాను. యార్డు మేస్త్రీని అడిగితే 'కొత్త రబ్బరు, కుదురుకోనియ్యండి' అన్నాడు. ఆరు వందల ముప్పై అయిదు దగ్గర చీమలు కాదు, పళ్ళు టకటక కొట్టుకున్నాయి. కాలిన రబ్బరు వాసన. తగ్గించడానికి చెయ్యి చాపాను. అంతే. చేతి మీద ఏదో మరిగిన తారులాంటిది పడింది."

"తారు కాదు, రబ్బరు. డాక్టరు మీ చేతి నుంచి తీసింది చూశాను. ఇవామీ ఎక్కడున్నాడు?"

"కప్లింగు పక్క బల్ల మీద. తొమ్మిదిన్నరకి వాడికి ఆకలి. అన్నం ముద్ద విప్పుకుని కూర్చున్నాడు. అక్కడ కూర్చోవద్దని ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు."

షినోహర కూజా పక్కకి జరిపింది.

"ఇంకొక్కటి. ఈ యార్డులో బోల్టుల మీద గీతలు ఎవరు గీస్తారు?"

"పనివాడు బిగించి పసుపు గీత గీస్తాడు. తరవాత ఒచియై మేస్త్రీ ప్రతి బోల్టూ తన చేత్తో మళ్ళీ పట్టి చూసి, పక్కన తెల్ల గీత గీస్తాడు. రెండూ ఉంటేనే ఓడ నీళ్ళలోకి దిగుతుంది. విప్పి మళ్ళీ బిగిస్తే పాతవి పూర్తిగా తుడిచేసి కొత్తవి గియ్యాలి. ఎందుకూ?"

"పళ్ళెం మీద పసుపు లేదు. తెలుపొక్కటే."

"అలా ఉండదు." హమసాకి తల అడ్డంగా ఊపాడు. "అలా ఉండాలంటే మొదటి నుంచి చివరిదాకా మేస్త్రీ ఒక్కడే..."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

*

పన్నెండూ నలభైకి షినోహర మళ్ళీ ఇంజిన్ గదిలోకి దిగింది. ఈసారి పెద్ద తలుపు గుండా కాదు. వెనక డెక్కు మీద ఉన్న ఆపద నిచ్చెన గుండా. దానికి ఎవరూ సీలు వెయ్యలేదు. నిచ్చెన మెట్ల మీద దుమ్ము మధ్యలో శుభ్రంగా తుడుచుకుపోయి ఉంది.

కప్లింగు వైపు వెళ్ళలేదు. పైకి చూసింది. మరిగిన రబ్బరు హమసాకి చేతి మీద పడిందంటే, మిగతా చోట్ల కూడా పడి ఉండాలి. కింద నేల అద్దంలా ఉంది. కప్లింగు చుట్టూ ఒక్క నల్ల చుక్క లేదు. పొద్దున వచ్చినవాడు పని అయ్యాక శుభ్రంగా తుడిచి వెళ్ళాడు. పని అయ్యాక తుడవకుండా వెళ్ళడం చేతకాని మనిషి. కానీ నేల తుడిచేవాడు కిందకే చూస్తాడు.

బల్ల ఎక్కి, తల మీద వైర్లు పోయే ఇనప పెట్టె వెనక చెయ్యి పెట్టింది. మూడో ప్రయత్నంలో వేళ్ళకి తగిలింది. సబ్బు బిళ్ళంత రబ్బరు ముక్క, వైర్లకి అతుక్కుపోయి. చాకుతో ఊడదీసింది.

పైచర్మం బాగానే ఉంది. లోపల తేనెపట్టులా గుల్ల. కరిగి, ఉబ్బి, మళ్ళీ గట్టిపడింది. బయటి మంటకి కాలిన రబ్బరు ఇలా ఉండదు. నలిగి నలిగి తన లోపల పుట్టిన వేడికి తానే కరిగింది ఇది.

బాగా ఉన్న అంచున మీటరు అదిమింది. ముల్లు యాభై దాటింది. అరవై దాటింది. 71 దగ్గర నిలబడింది.

షినోహర బల్ల మీదే కూర్చుని, తొకునాగ నివేదిక వెనక్కి తిప్పి పెన్సిలుతో లెక్క వేసింది. యాభై రబ్బరు కన్నా డెబ్భై రబ్బరు మెలికకి దాదాపు రెండున్నర రెట్లు ఎదురు నిలుస్తుంది. రబ్బరు బిగుసుకుంటే తాళం కలిసే వేగం పైకి జరుగుతుంది. దిమ్మలు యాభైవి అయినప్పుడు ఎర్రపట్టీ నడిమధ్య 405. దిమ్మలు డెబ్భైవి అయితే?

640.

పెన్సిలు ఆగిపోయింది. హమసాకి ఎర్రపట్టీలో ఓడ నడపలేదు. ఎర్రపట్టీయే మీటరు మీద రంగు మారకుండా ఆయన రోజూ నడిపే చోటికి వచ్చి కూర్చుంది. ఆరు వందల ఇరవై దాని అంచు. అరికాళ్ళ కింద చీమలు. ఆరు వందల ముప్పై అయిదు దాని కడుపు.

అప్పుడు ఇంకో సంగతి తట్టి ఒక్కసారిగా లేచి నిలబడింది. హారునామి తరవాత వారానికి, దాని జంట ఓడ అకినామి కూడా ఇదే యార్డుకి వచ్చింది.

*

"అకినామిని ఆపాలా?" తొకునాగ నవ్వాడు. ఒకటీ యాభై అయిదు. ఆఫీసు కిటికీలోంచి రేవు కనిపిస్తోంది. తెల్లటి అకినామి నోరు తెరుచుకుని ఒక్కో కారునీ మింగుతోంది. "మేడమ్, ఇవాళ మే మూడు. వరుస సెలవులు. నూట ఎనభై ఆరు మంది, నలభై కార్లు. రెండూ నలభైకి బయల్దేరుతుంది. మీ చేతిలో ఉన్న రబ్బరు ముక్కకోసం ఆపనా? యార్డులో రబ్బరు ముక్కలకి కరువా? రేపు చెప్పు అరిగిపోయినా తెచ్చి చూపిస్తారు."

"చెప్పు నా కాలికే ఉంది. ఇది ఇంజిన్ గది కప్పుకి ఉంది. అకినామికి ఏ దిమ్మలు వేశారు?"

"యార్డు కాగితంలో యాభై అని ఉంది."

"హారునామి కాగితంలోనూ యాభై అనే ఉంది."

తొకునాగ నవ్వు సగంలో ఆగింది. కానీ మనిషి తగ్గలేదు. "అయితే యార్డువాళ్ళ చేత చెప్పించండి. కంపెనీ ఆపితే మా తప్పని ఒప్పుకున్నట్టే."

"రేవు అధికారికి ఫోను చేశాను. ఆయనా ఇదే అన్నాడు. కంపెనీ అయినా ఆపాలి, పని చేసినవాడైనా తప్పు పని అని చెప్పాలి. మీరు ఎలాగూ ఆపరు." షినోహర సంచి భుజాన వేసుకుంది. "మేస్త్రీని రేవు దగ్గరికి పంపండి. మీరూ రండి. మీ నివేదిక తెచ్చుకోండి, అక్కడే ముద్ర వేస్తాను."

*

ఒచియై మేస్త్రీ రెండూ ఇరవై ఆరుకి వచ్చాడు. పొట్టి మనిషి. అరవై మూడేళ్ళు. మెడ చుట్టూ తువ్వాలు, చెవి మీద తెల్ల రంగు పెన్ను. ముందు తొకునాగకి, తరవాత షినోహరకి వంగి నమస్కరించాడు. ఆయన వంగినంత సేపూ తొకునాగ గడియారం చూసుకున్నాడు.

అకినామి ఎక్కే మెట్ల పక్కన ముగ్గురూ నిలబడ్డారు. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, చేపలు పట్టే గేలపు కర్రలవాళ్ళు వాళ్ళని తప్పుకుంటూ మెట్లెక్కుతున్నారు.

"ఇవాళ పొద్దున ఎన్నింటికి లేచారు మేస్త్రీ గారూ?"

"నాలుగున్నరకి. రోజూ అంతే మేడమ్ గారూ."

"యార్డు గేటు ఎన్నింటికి తీస్తారు?"

"ఏడింటికి."

"మీరెన్నింటికి వచ్చారు?"

"...ఆరుంపావుకి. తాళం నా దగ్గరే ఉంటుంది."

"ఆరుంపావు నుంచి ఏడు దాకా ఏం చేశారు?"

"పనిముట్లు సర్దుకున్నాను."

"హారునామి పళ్ళెం మీద పదకొండు తెల్ల గీతలున్నాయి. పొద్దున తడిగా ఉన్నాయి." షినోహర మడిచిన కాగితం విప్పి మరక చూపించింది. "తెల్ల పెన్ను ఈ యార్డులో ఎంతమంది దగ్గర ఉంది?"

మేస్త్రీ చెయ్యి దానంతట అదే చెవి మీదకి వెళ్ళింది. పెన్నుని తాకి, కిందకి దిగింది. మొహం మాత్రం మారలేదు.

తొకునాగ ముందుకొచ్చాడు. "ఏమయ్యా మేస్త్రీ, జవాబు చెప్పవేం? నువ్వు అక్కడికి దిగావా?"

మేస్త్రీ మళ్ళీ వంగాడు. వంగినవాడు లేవలేదు.

"దిగిన సంగతి వదిలెయ్యండి," అంది షినోహర. "నాకు ఒక్కటే కావాలి. అకినామిలో వేసినవి యాభై దిమ్మలా, డెబ్భై దిమ్మలా?"

"కాగితంలో ఉన్నవే," అన్నాడు మేస్త్రీ, నేలకేసి చూస్తూనే.

ఓడ మీద మైకు గరగరలాడింది. 'ప్రయాణికులకి మనవి. కార్ల రద్దీ వల్ల మన ఓడ పన్నెండు నిమిషాలు ఆలస్యంగా బయలుదేరుతుంది. దారిలో ఆ సమయం కలుపుకుని సరైన వేళకే చేరుస్తాం.'

మేస్త్రీ తల ఎత్తాడు.

"విన్నారుగా," అంది షినోహర. "పన్నెండు నిమిషాలు కలుపుకోవాలి. హారునామి కెప్టెన్ పదిహేను చుట్లు అడిగాడు. ఈయన ఎన్ని అడుగుతాడో!" ఆమె జేబులోంచి టికెట్టు తీసింది. "యాభై దిమ్మలే అన్నారు. మీ మాట నమ్ముతాను. నేను ఇంజిన్ గదిలో కూర్చుంటాను. కప్లింగు పక్కన బల్ల ఉంటుంది, ఇవామీ కూర్చునేలాంటిది. తొకునాగ గారూ, ఆ నివేదిక ఇటివ్వండి. అవతలి ఒడ్డున దిగాక ముద్ర వేస్తాను."

"మేడమ్, నాటకాలొద్దు," అన్నాడు తొకునాగ. కానీ నివేదిక ఇవ్వలేదు. ఆయన కళ్ళు మేస్త్రీ మొహం మీద ఉన్నాయి.

షినోహర మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. రెండో మెట్టు. మూడో మెట్టు. కింద నుంచి చప్పుడు లేదు. ఒక్క క్షణం ఆమెకి తన లెక్క తప్పిందేమోనని భయం వేసింది. అంతకన్నా పెద్ద భయం, లెక్క సరిగ్గా ఉండి కూడా ఈ మనిషి నోరు విప్పడేమోనని. నాలుగో మెట్టు.

"ఎక్కొద్దు."

ఆమె ఆగింది. తిరిగి చూడలేదు. "ఎందుకు మేస్త్రీ గారూ?"

ఒచియై మెడలోని తువ్వాలు తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. తొకునాగ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. నలభై ఏళ్ళలో ఒక పర్యవేక్షకుడి మాటకి ఆయన చెయ్యి అడ్డం పెట్టడం అదే మొదటిసారి అయి ఉండాలి.

"నేనే," అన్నాడు. "యాభై దిమ్మలు రావడానికి ఇరవై రోజులన్నారు. సెలవులకి రెండు ఓడలూ నీళ్ళలో ఉండాలన్నారు తొకునాగ గారు. ఎలా చేస్తావని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. గోదాములో డెబ్భైవి రెండు జతలున్నాయి, వేరే ఓడవి. అదే కొలత, అదే ఆకారం. గట్టిది ఎక్కువ కాలం మన్నుతుంది కదా అనుకున్నాను. నలభై ఏళ్ళు ఇనుముతో పనిచేశాను మేడమ్. ఇనుములో గట్టిదే మంచిది. రబ్బరు మెత్తగా ఉండి దెబ్బ తినడమే దాని పని అని నాకు తట్టలేదు. చీఫ్ గారు అరికాళ్ళ కింద చీమలని చెప్పినప్పుడు తట్టి ఉండాల్సింది. 'మేస్త్రీ వేసింది తప్పా' అని ఎవరైనా అంటారేమోనని, కుదురుకోనియ్యండి అన్నాను. హారునామిలో కరిగిన దిమ్మలు పొద్దున తీసేసి, ఏప్రిల్లో విప్పిన పాతవి సంవత్సరం గీకి, కోసి పెట్టాను. తీసినవి నా పనిముట్ల పెట్టెలో ఉన్నాయి, పారెయ్యడానికి చెయ్యి రాలేదు. గీతలు గీసిన సంగతి మీరు చెప్పేదాకా నాకే తెలీదు. బిగించిన బోల్టుని గీత లేకుండా వదలడం ఈ చేతికి రాదు. ఇవామీ ఆ బల్ల మీద ఎందుకు కూర్చునేవాడో తెలుసా? చీఫ్ గారు తిడితే, 'మేస్త్రీ తెల్ల గీత ఉందండీ, దీని పక్కనే అన్నిటికన్నా భద్రం' అనేవాడు. నా ముందే అన్నాడు ఒకసారి. నేను నవ్వాను." ఆయన చెవి మీది పెన్ను తీసి, మెట్టు మీద, షినోహర కాళ్ళ దగ్గర పెట్టాడు. "ఓడ ఆపండి. అందులోనూ ఉన్నవి నా గీతలే."